టీ తాగి వచ్చేలోపు

ఆ బస్సు డిపోలో ఒక మర్యాద ఉండేది. అది మర్యాదని వాళ్ళకి వాళ్ళే అనుకునేవాళ్ళు. యూనియన్ మీటింగులో ఏదైనా తీర్మానం పెట్టినప్పుడు, నచ్చనివాళ్ళు "మాకు నచ్చలేదు" అని అనరు. లేచి, వెనక దుమ్ము దులుపుకుని, గేటు బయట టీ బండి దగ్గరికి పోతారు. లోపల మిగిలినవాళ్ళు చేతులెత్తుతారు. తీర్మానం ఏకగ్రీవం. ఆ తర్వాత బయటివాళ్ళు గ్లాసులు కింద పెట్టి లోపలికొస్తారు. ఎవరూ ఎవరి మొహం మీదా కాదనలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. సాయంత్రం అందరూ కబుర్లాడుకుంటూ ఒకే బస్సులో ఇళ్ళకి.

వినడానికి ముద్దుగా ఉంది కదూ? రెస్టు రూముకి ఆకుపచ్చ రంగు వెయ్యాలా నీలం వెయ్యాలా అనే తగువులకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ ఒక మనిషి బతుకు తేల్చే రోజున కూడా ఇదే మర్యాద పట్టుకుని వేలాడితే ఏమవుతుందో విజిలక్కని అడగాలి.

విజిలక్క కండక్టరు. విజిల్ లేకుండా కేకేసినా డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోతుందని ఆ పేరు. భర్త ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. పైకీ కిందికీ తప్ప పక్కకి చూసే అలవాటు లేని మనిషి. కొడుక్కి బేకరీలో పని. కోడలి తండ్రి కూడా ఆ డిపోలోనే, బ్యాటరీ గదిలో. ఆయన చొక్కాల్లో యాసిడ్ చిల్లు పడనిది ఒక్కటీ లేదు. డిపోకంతా ఆయన బ్యాటరీ మావ. వియ్యంకుడు కాబట్టి విజిలక్కకి అన్నయ్యగారు.

విజిలక్క ఇంట్లోనే ఇంకొకడున్నాడు, మరిది. విజిలక్క కాపరానికొచ్చేనాటికి నిక్కరు జారిపోతూ తిరిగే పిల్లాడు. అత్తగారు పోయాక వాడికి అన్నం పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుంది ఈవిడే. పెద్దయ్యాక డిపోలో స్పేర్ డ్రైవరయ్యాడు. అంటే ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాళ్ళ బస్సు నడపాలి. అందరూ వస్తే బెంచీ మీద కూర్చుని ఈగలు తోలుకోవాలి. ఏళ్ళకేళ్ళు అదే బెంచీ. ఆ బెంచీకి వాడి నడుము గుర్తు పడిపోయిందని అందరూ నవ్వేవాళ్ళు. పేరు కూడా ఎవరూ పలికేవాళ్ళు కాదు. "ఒరేయ్ స్పేరూ" అనేవాళ్ళు.

అప్పుడు దేశం సంగతి కూడా ఆ డిపో సంగతిలాగే ఉంది. డిపోలో ఇంజనాయిలు మార్చేలోపు రాజధానిలో ఇద్దరు మంత్రులు మారేవాళ్ళు. సభలో ఒకళ్ళ మీద ఒకళ్ళు మైకులు విసురుకునేవాళ్ళు. జీతాలు నెల దాటినా రావు, టైర్లు అరిగి తీగలు బయటపడ్డా కొత్తవి రావు, దారిలో తాగుబోతు బస్సెక్కి గొడవ చేస్తే పోలీసు రాడు. ఎవడికి ఓటేసినా వీళ్ళింతే అని జనం విసిగిపోయి ఉన్నారు. అంతగా విసిగిపోయినవాడికి ఎవడైనా గట్టిగా అరిచేవాడు కనబడితే వాడే మొనగాడిలా కనబడతాడు.

అలాంటప్పుడు ఇంటి దండు వచ్చింది. వాళ్ళ మాట చాలా సులువు. ఈ నేల ఇల్లు, మనం ఇంటివాళ్ళం, తాతలో ముత్తాతలో ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు అద్దెవాళ్ళు, ఇల్లు పాడైంది అద్దెవాళ్ళ వల్ల. అంతే! జీతాలెందుకు రావో, టైర్లెందుకు కొనరో ఇంక బుర్ర పెట్టి ఆలోచించక్కర్లేదు. బ్యాటరీ మావ తాతగారెప్పుడో కొండల అవతలి నుంచి వచ్చాడట. ఆ తాత మొహం బ్యాటరీ మావే చూడలేదు. అయినా అద్దెవాడే.

దండు మొదట మంచిపనులే చేసింది. అసలు మోసమంతా అక్కడే ఉంది. విజిలక్క బస్సులో ఒక తాగుబోతు రోజూ ఆడవాళ్ళ మీద పడుతుంటే, ఒక సాయంత్రం బూడిదరంగు కోట్ల కుర్రాళ్ళు ఎక్కి వాణ్ణి కిందికి లాగారు. వాళ్ళలో మరిది కూడా ఉన్నాడు. కొత్త కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది.

"ఇంక నీ జోలికి ఎవడూ రాడు వదినా," అన్నాడు.

విజిలక్కకి కడుపు నిండినట్టయింది. తర్వాత ఫుట్‌బోర్డు మీద ఆ తాగుబోతు పళ్ళు రెండు కనబడ్డాయి. ఇసక చల్లి చీపురుతో తోసేసింది. ఎవరితోనూ అనలేదు.

యూనియన్ ప్రెసిడెంటు మాత్రం దండుని చూసి లెక్కలు వేసుకున్నాడు. ఆయన ఒకప్పుడు డ్రైవర్లకి శిక్షణ ఇచ్చేవాడు. జుట్టుకి నల్లరంగు, నోటికి పంచదార. "ఈ ఒక్కసారికి నేనే ఉంటాను" అంటూ ఎన్నిసార్లు ప్రెసిడెంటయ్యాడో ఆయనకే గుర్తులేదు. రెండో యూనియన్ ఒకటి పుట్టి ఆయన కుర్చీ కింద మంట పెట్టింది. ఆ మంట ఆర్పడానికి దండు కుర్రాళ్ళని పిలిచి రెస్టు రూము తాళంచెవి చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా రెండో యూనియన్‌వాళ్ళు ఒక్కొక్కళ్ళే నడుం నొప్పులని సెలవులు పెట్టారు.

"వాళ్ళతో మనకెందుకు పెద్దాయనా?" అని విజిలక్క అడిగింది.

"కుర్రాళ్ళమ్మా. ఉడుకు రక్తం. స్టీరింగ్ నా చేతిలో ఉంది కదా, నువ్వు కంగారుపడకు."

"బ్రేకు ఎవరి కాలి కిందుంది?"

ఆయన పెద్దగా నవ్వి, భలే దానివే అని ఆవిడ భుజం తట్టాడు.

డిపో మేనేజరు అసలు తన గదిలోంచి బయటికే రాడు. సమ్మెలు ఆగిపోయాయి కాబట్టి దండంటే ఆయనకి ముద్దు. పెద్ద చదువులు చదివినాయన. అరుపులు వినబడితే లేచి కిటికీ మూసుకునేవాడు. అదీ చాలా మెల్లగా, రెక్క చప్పుడు కాకుండా.

ఇలా ఉండగా మీటింగు పెట్టారు. తీర్మానం ఏమిటో ముందే అందరికీ తెలుసు. యూనియన్‌లో ఇంటివాళ్ళే ఉండాలి. యూనియన్‌లో లేనివాడికి డిపోలో డ్యూటీ ఉండదు. కాబట్టి బ్యాటరీ మావకి పని ఉండదు. అద్దెవాళ్ళు ఆ డిపోలో ఆయన కాక ఇంకెవరూ లేరు. మొత్తం తీర్మానం ఆ ఒక్క మనిషి కోసం.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి షెడ్డులో జనం నిండారు. టైర్ల గుట్టల మీద కొందరు, బస్సుల కింద రిపేరు చేసే గోతి అంచున కాళ్ళు వేలాడేసుకుని కొందరు. మరిది లేచి కాగితం చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు చదివాడో లేదో, టైర్లు మార్చే టైర్లాయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆ పక్కన బస్సులు కడిగే పిన్ని లేచింది. తర్వాత వరసగా లేస్తూనే ఉన్నారు. విజిలక్కకి గర్వం పొంగుకొచ్చింది. ఇంతమంది లేచారంటే వీళ్ళకి సిగ్గుండాలి కదా అనుకుంది. తనూ లేచింది. తను లేవడం చూసి ఇంకో పదిమంది లేచారు.

బయట టీ బండి దగ్గర తిరునాళ్ళలా ఉంది. ఒక్కొక్కళ్ళూ గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ లోకం గురించి మాట్లాడుతున్నారు.

"ఛీ, ఏం మనుషులండీ వీళ్ళు," అన్నాడు టైర్లాయన.

"మనిషన్నవాడు చేసే పనేనా?" అంది పిన్ని. "నాకైతే కడుపులో తిప్పేసింది."

"నేనసలు వాడి మొహం కూడా చూడలేదు. లేచి వచ్చేశాను."

"నేనూ అంతే. టక్కున లేచాను."

"నాకంటే ముందు లేచావా ఏంటి?"

"ముందే లేచాను బాబూ. కావాలంటే పిన్నినడుగు."

ఎవరు ముందు లేచారో అని వాదన! అక్కడ లోపల ఒక మనిషి కూడు తీసేస్తున్నారు, ఇక్కడ వీళ్ళు తాము లేచి నిలబడ్డ వీరత్వం కొలుచుకుంటున్నారు.

గుంపులో విజిలక్కకి యాసిడ్ చిల్లుల చొక్కా కనబడింది. బ్యాటరీ మావ! చేతిలో గ్లాసు.

"అన్నయ్యగారూ, మీరేంటి ఇక్కడ?"

"మరి ఎక్కడుండాలి చెల్లెమ్మా?"

"లోపల! తీర్మానం మీ మీద!"

"అందుకేగా," అన్నాడాయన చిన్నగా. "నా గురించి మాట్లాడుకునేటప్పుడు నేను ఎదురుగా కూర్చుంటే వాళ్ళు మొహమాటపడరూ?"

విజిలక్కకి ఆయన చేతిలో గ్లాసు లాగి నేలకేసి కొట్టాలనిపించింది. జేబులో చిల్లర తీసి టీ బండి ఆవిడకి ఇవ్వబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళ వద్దక్కా. అందరి డబ్బులూ కట్టేశారు. పెద్ద గిన్నె పెట్టమని పొద్దున్నే చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"మీ మరిదే."

విజిలక్క ఇంకేమీ వినలేదు. గ్లాసు వదిలేసి లోపలికి పరిగెత్తింది. షెడ్డు ముప్పాతిక ఖాళీగా ఉంది. బూడిదరంగు కోట్లు, వాళ్ళతోపాటు ఏ గాలి వీస్తే అటు వాలే కొందరు. చేతులు అప్పుడే దిగుతున్నాయి.

"ఏకగ్రీవం," అన్నాడు ప్రెసిడెంటు. మొహం తుడుచుకుంటూ ఇంకో మాట కలిపాడు. "వచ్చే మీటింగులో ఖాయం చేస్తాం. అప్పటిదాకా బ్యాటరీ గదికి తాళం."

"ఆగండి! బయట అంతమంది ఉన్నారు. వాళ్ళెవరికీ ఇది ఇష్టంలేదు."

"బయట ఉన్నవాళ్ళని ఎలా లెక్కపెడతామమ్మా?" అన్నాడు ప్రెసిడెంటు జాలిగా. "పద్ధతి నీకు తెలియంది కాదు కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు అందరికీ వడ్డించింది. మరిది ఎప్పటిలాగే వచ్చి తన చోట కూర్చున్నాడు. కోటు విప్పి జాగ్రత్తగా కుర్చీకి తగిలించాడు.

"నీకేం భయంలేదమ్మాయ్," అన్నాడు కోడలితో. "నువ్వు మా ఇంటి పిల్లవి."

"మా నాన్న?"

"అది రూలు. మనిషి మీద నాకేం కోపం లేదు."

విజిలక్క కంచం పక్కకి తోసింది. "ఒరేయ్, నీ ముక్కు తుడిచిన చేతులివి. ఆయన నీకేం అపకారం చేశాడురా?"

"ఎవరూ ఏమీ చెయ్యలేదు వదినా. అదే కదా నేననేది." వాడు అన్నం కలుపుతూనే ఉన్నాడు. "నన్ను పర్మినెంటు చెయ్యాలని ఒకసారి మీటింగులో అడిగాను, గుర్తుందా? ప్రెసిడెంటు మేనల్లుడికి ఇవ్వాలని ఆయన తీర్మానం పెట్టాడు. మీ అందరికీ అది అన్యాయమని తెలుసు. ఏం చేశారు?"

వాడే ముద్ద మింగి జవాబు చెప్పాడు.

"టీకెళ్ళారు. నువ్వు కూడా వెళ్ళావు. వచ్చి నా వీపు నిమిరావు. ఆ వేళే నాకు అర్థమైంది, ఈ డిపోని పట్టుకోవాలంటే పెద్ద బలగం అక్కర్లేదు, మంచివాళ్ళకి టీ పోయిస్తే చాలని."

"తినేటప్పుడు ఈ రాజకీయాలెందుకే," అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా.

కోడలు విజిలక్క వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరు అక్కడే ఉన్నారుగా. ఒద్దని చెయ్యెత్తారా?"

"నేను... బయటికి వచ్చేశానమ్మా. ఇష్టంలేక."

కోడలు గిన్నె మూత పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. విజిలక్కకి తన మీద తనకే రోత పుట్టింది. మంచితనమనుకుని ఇన్నేళ్ళూ మోసింది పిరికితనాన్ని. దానికి మర్యాదని పేరు పెట్టుకుని, ఇస్త్రీ చేసుకుని మరీ తొడుక్కుంది. వాడు చెప్పినదాంట్లో అబద్ధం వెతికింది. దొరకలేదు. వాడి ఏడుపు నిజమే. ఆ ఏడుపుకి అన్నయ్యగారి కూడు తియ్యడం ఏం న్యాయం?

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే ఇల్లిల్లూ తిరిగింది. టైర్లాయన ఇంటికి, పిన్ని ఇంటికి, టీ బండి దగ్గర ఛీ అన్న ప్రతి మనిషి ఇంటికీ. ఒకటే మాట. ఈసారి లేవకండి. లోపలే కూర్చుని ఒద్దని చెయ్యెత్తండి. మనమే ఎక్కువమందిమి.

"నువ్వు చెప్పాలా అక్కా? మా అమ్మ మీదొట్టు," అన్నాడు టైర్లాయన.

"నా రెండు చేతులూ ఎత్తుతా," అంది పిన్ని.

అందరూ కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, గుమ్మందాకా వచ్చి సాగనంపారు. కొందరికి కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి. విజిలక్క నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

రెండో మీటింగు రోజున షెడ్డు కిక్కిరిసింది. తీర్మానం చదవగానే జనం అలవాటుగా గేటు వైపు చూశారు. గేటుకి అడ్డంగా ఒక బస్సు ఆపి ఉంది. దాని ముందు బూడిదరంగు కోట్లు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. టీ బండి ఉండేచోట నూనె మరక మాత్రం మిగిలింది.

"ఎవరూ శ్రమపడక్కర్లేదు," అన్నాడు మరిది నవ్వుతూ. గొంతులో కోపం లేదు, పెళ్ళిలో చుట్టాల్ని కూర్చోబెట్టేవాడిలా ఉన్నాడు. "పోయినసారి మీలో చాలామంది ఓటు మాకు అందలేదు. ఈసారి ప్రతి ఒక్కరి చెయ్యీ మాకు కావాలి. బ్యాటరీ మావని తీసెయ్యడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు కోట్ల చేతులు లేచాయి. తర్వాత ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూసుకుంటూ మిగతావి. టైర్లాయన చెయ్యి లేచింది. అమ్మ మీదొట్టు పెట్టిన చెయ్యే. పిన్ని చెయ్యి మోచేతి వరకే లేచింది, జుట్టు సవరించుకుంటున్నానని చెప్పుకోవడానికి వీలుగా. ఒక కోటు కుర్రాడు ఆవిడ వైపు చూశాడు. చెయ్యి పూర్తిగా లేచింది. పోయినసారి గుంపుగా పారిపోయారు కాబట్టి ఎవరెంత పిరికో ఎవరికీ కనబడలేదు. ఈసారి షెడ్డునిండా చేతులు, గ్రీజు చేతులు, సబ్బుకి పగిలిన చేతులు, కష్టపడే చేతులు.

"ఒద్దు!" విజిలక్క లేచి నిలబడి చెయ్యెత్తింది. "నేను ఒప్పుకోను. ఆయన మన మనిషి. చేతులు దించండి, మీ అందరి ఇళ్ళకీ వచ్చి అడిగాను కదా!"

ఒక్క చెయ్యీ దిగలేదు. కళ్ళు మాత్రం దిగాయి.

"వదిన చెయ్యి కూడా లేచింది," అన్నాడు మరిది. "ఏకగ్రీవం."

"ఒరేయ్! నాది ఒద్దని ఎత్తిన చెయ్యి!"

"చెయ్యి చెయ్యే వదినా. కూర్చో."

ఆ ఊపులోనే ఇంకో తీర్మానం చదివాడు. పెద్దాయన ఇన్నేళ్ళు సేవ చేసి అలిసిపోయారు, కాబట్టి కొత్త ప్రెసిడెంటుని ఇకనుంచి దండే చూసి పెడుతుంది. ప్రెసిడెంటు నోరు తెరిచాడు. అటూ ఇటూ చూశాడు. స్టీరింగ్ తన చేతిలో ఉందన్న పెద్దమనిషి, చుట్టూ చేతులు లేస్తుంటే, తనని తీసెయ్యడానికి తనే చెయ్యెత్తాడు. ఎత్తి, మంచి కుర్రాళ్ళన్నట్టు నవ్వాడు కూడా. నుదుటి మీద నల్లరంగు చెమటతో కలిసి కారుతోంది.

మీటింగు ముగిసింది. బస్సు పక్కకి తీశారు. గేటు బయట బ్యాటరీ మావ నిలబడి ఉన్నాడు. గదిలో ఉండిపోయిన బూట్లు తీసుకుపోవడానికి రమ్మన్నారట. బయటికొచ్చే ప్రతివాడూ ఆయన ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు.

మొదటివాడు ఆగి, "ఏం చెయ్యను మావా, పిల్లలు గలవాణ్ణి," అని గొణిగాడు.

"పర్లేదు బాబూ," అన్నాడు బ్యాటరీ మావ.

రెండోవాడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మనసులో నాకు లేదు మావా."

"పర్లేదు, పర్లేదు."

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడకీ "పర్లేదమ్మా" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే వాళ్ళ భుజాలు తేలికపడడం విజిలక్క చూసింది. నడకలో ఊపొస్తోంది. ఇంటికెళ్ళి సుఖంగా అన్నం తింటారు. మనిషి కూడు తీసి, ఆ మనిషి చేతే ఓదార్పు పొంది పోతున్నారు. వరసకట్టి మరీ!

విజిలక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"ఆ మాట అనకండి అన్నయ్యగారూ!"

ఆయన తెల్లబోయాడు. "అది కాదు చెల్లెమ్మా, వాళ్ళు బాధపడుతున్నారు..."

"పడనివ్వండి! ఒక్కడికైనా పర్లేదనకండి. మీ కూతురి మొహం తలుచుకుని చెప్పండి, పర్లేదా?"

 తర్వాత వంతు టైర్లాయనది. వచ్చి ఎదురుగా నిలబడి, తల వంచుకుని, "మావా, నీకు తెలుసుగా నా సంగతి," అన్నాడు.

బ్యాటరీ మావ ఆయన మొహంలోకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

టైర్లాయన ఆగాడు. కాస్సేపు చూసి, మళ్ళీ "మావా" అన్నాడు. జవాబు లేదు. ముందుకి పోలేక, వెనక్కి పోలేక అక్కడే నిలబడిపోయాడు. వెనక నుంచి ఎవరో కదలమని అరుస్తున్నారు.